సున్నపు బట్టీ దగ్గర చాపకూడు

పిడుగురాళ్ల సున్నం మీద బతికే ఊరు. ఆ సున్నం లాగే చేతులు ఇవాళ చాలావరకు బిహార్‌వి, ఒడిశావి, ఝార్ఖండ్‌వి. ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యే చోట పని ఎలా నడుస్తోంది? వచ్చినవాళ్లు మనల్ని నేర్చుకుంటున్నారు సరే, మనం వాళ్లను ఎంత నేర్చుకున్నాం?

పొద్దున ఆరు కాలేదు. రాత్రంతా రగిలిన బట్టీ అడుగు నుంచి కాలిన రాయి లాగుతున్నారు. తలకు తువ్వాళ్లు చుట్టుకుని, కళ్లు మాత్రమే కనబడేలా ముఖాలు కప్పుకున్న కుర్రాళ్లు. వాళ్లలో ఒకడు మేస్త్రీ దగ్గరకొచ్చి మెల్లగా అన్నాడు: ‘‘హమ్ కల్ నహీ ఆయేంగే.’’

మేస్త్రీకి ఆ మాత్రం హిందీ వచ్చు. ‘మేం రేపు రాం’ అన్నట్టు వినబడింది. లారీ వచ్చేది రేపే. ‘‘ఏందిరా, అందరూ ఒక్కసారే మానేస్తే లోడు ఎవరెత్తుతారు? కూలి పెంచమని బేరమా?’’ అంటూ లేచాడు. కుర్రాడు బిత్తరపోయాడు. మిగతావాళ్లు పారలు ఆపి చూస్తున్నారు. టీ తెచ్చిన ముస్లిం కుర్రాడు అడ్డుపడ్డాడు: ‘‘అందరూ కాదన్నా. ఆ అబ్బాయొక్కడే రాడంట. జ్వరంగా ఉందంట.’’

బిహార్‌లో మామూలు మాటల్లో ‘నేను’ అనడానికి ‘మై’ అనరు, ‘హమ్’ అంటారు. మనం సినిమాల్లో నేర్చుకున్న హిందీలో ‘హమ్’ అంటే ‘మేము’. ఒక్క మాట తేడాతో జ్వరంతో ఉన్న మనిషి సమ్మె నాయకుడైపోయాడు. ‘కల్’ సంగతి ఇంకా చిక్కు. దానికి నిన్న అనీ అర్థమే, రేపు అనీ అర్థమే. క్రియను బట్టి పోల్చుకోవాలి. క్రియ పట్టుకునేంత హిందీ రానివాడికి హాజరు పుస్తకం నిండా తప్పులే. కూలి లెక్కలో తేడా వచ్చిందంటే చాలా తగువులకు మూలం దురాశ కాదు, ఇలాంటి మాటలే. బట్టీల మీద తిరిగేవాళ్లను ఎవరినడిగినా ఇలాంటి కథ ఒకటి చెబుతారు.

పెద్ద కంపెనీల్లో దీనికి పెద్ద పేర్లున్నాయి, శిక్షణ తరగతులున్నాయి. సంస్కృతుల వైవిధ్యం, దాన్ని సంభాళించడం అంటే అద్దాల మేడల్లో కూర్చుని మాట్లాడుకునే విషయమని మనవాళ్ల నమ్మకం. నిజానికి ఆ చదువు అందరికంటే ముందు కావాల్సింది బట్టీ దగ్గర. అక్కడ అపార్థానికి మూల్యం మెయిల్‌లో క్షమాపణతో తీరదు. కాలిన చెయ్యో, పోయిన కన్నో అవుతుంది.

రాయి తెచ్చిన ఊరు

పిడుగురాళ్లను ‘లైమ్ సిటీ’ అంటారు. పల్నాడు నేల కింద సున్నపురాయి పొరలు పొరలుగా పరుచుకుని ఉంది. దాచేపల్లి, నడికుడి వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు మేత అదే, పిడుగురాళ్ల చుట్టూ ఉన్న బట్టీలకూ అదే. రాయినీ బొగ్గునీ వరసలుగా పైనుంచి పోసి కాలుస్తారు. సుమారు 900 డిగ్రీల వేడి దగ్గర రాయిలోని బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోయి, తెల్లటి కాల్చిన సున్నం మిగులుతుంది. అది ఇంటి గోడలకే కాదు, చక్కెర ఫ్యాక్టరీలకు, ఉక్కు కర్మాగారాలకు, కాగితం మిల్లులకు, కోస్తాలో చేపల, రొయ్యల చెరువులకు పోతుంది. ఊరి నడిమధ్య నుంచే నార్కెట్‌పల్లి - అద్దంకి రోడ్డు, పక్కనే గుంటూరు - నడికుడి రైలు దారి. సరుకు పోవడానికి ఎంత సులువో, మనుషులు రావడానికీ అంతే సులువు.

ఒకప్పుడు ఈ పనంతా చుట్టుపక్కల ఊళ్లవాళ్లే చేసేవారు. రాయి కొట్టడం వడ్డెరలది, మోత ముఠా కూలీలది. వాళ్ల పిల్లలు చదువుకున్నారు. కొందరు ఆటోలు, లారీలు కొనుక్కున్నారు, కొందరు హైదరాబాద్ వెళ్లారు. తండ్రి ఊపిరితిత్తుల్లోకి పోయిన దుమ్ము కొడుకు ఊపిరితిత్తుల్లోకి పోకూడదని ఏ తల్లయినా కోరుకుంటుంది. అలా ఖాళీ అయిన చోటుకు, ఇంటి దగ్గర ఏడాది పొడుగునా పని దొరకని జిల్లాల నుంచి మనుషులు వచ్చారు. వాళ్ల తల్లులూ అదే కోరుకుంటారు. కాకపోతే వాళ్ల వంతు ఇంకా రాలేదు.

వాళ్లను కొత్తవాళ్లు అంటాం. అంత కొత్తేమీ కాదు. ‘వడ్డెర’ అన్న మాటే ‘ఓడ్ర’ నుంచి, అంటే ఒడిశా నుంచి వచ్చిందని చెబుతారు. ఒడిశాను మన పెద్దలు వడ్డె రాజ్యమనే అన్నారు. ఇప్పుడు పల్నాడు జిల్లాలోనే ఉన్న కొండవీటిని 15వ శతాబ్దం నడుమ నుంచి ఒడిశా గజపతులు ఏలారు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు దాన్ని గెలుచుకున్నది వాళ్ల దగ్గర నుంచే. అప్పుడు రాజులుగా వచ్చారు, ఇప్పుడు కూలీలుగా వస్తున్నారు. దారి మాత్రం పాతదే.

బట్టీ దగ్గర నిలబడితే ఇంకో సంగతి తోస్తుంది. మనం సున్నం అంటాం. బిహారీ చూనా అంటాడు. ఒడియా కుర్రాడు చూన అంటాడు. మూడూ సంస్కృతంలోని ‘చూర్ణం’ బిడ్డలే. మన నోట ‘చ’ కాస్తా ‘స’ అయింది, అంతే. పగలంతా వాళ్లూ మనమూ ముట్టుకునే వస్తువు పేరే ఒక్కటి. ఒకరి భాష ఒకరు నేర్చుకోవడం మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి మొదటి మాట ఏం కావాలి?

‘బీహారోళ్లు’ ఎవరు?

పిడుగురాళ్లలో ఏ కొట్టు దగ్గరైనా వినండి. ఉత్తరాది నుంచి వచ్చినవాడు ఎవరైనా ‘బీహారోడే’. వాడిది ఒడిశాలోని బలాంగీర్ కావచ్చు, ఝార్ఖండ్ సంతాలీ పల్లె కావచ్చు, బెంగాల్‌లోని ముర్షిదాబాద్ కావచ్చు. ఒడియాకు హిందీ రాకపోవచ్చు. సంతాలీకి హిందీ మనకెంత పరాయిదో అంత పరాయిది. అయినా అందరితో వచ్చీరాని హిందీయే మాట్లాడి, అర్థం కాకపోతే ‘మొద్దు’ అనేస్తాం. మనల్ని మద్రాసులో ఒకలా, ఢిల్లీలో ‘మద్రాసీ’ అని ఇంకొకలా పిలిస్తే ఎంత మండిందో మన తాతలకు తెలుసు. ప్రత్యేక రాష్ట్రం దాకా వెళ్లిన మంట అది. అదే పని మనం చేస్తున్నామని గుర్తురాదు.

పిలుపు సంగతి ఇంకా సున్నితం. తెలుగులో ‘నువ్వు’, ‘మీరు’ రెండే మెట్లు. హిందీలో మూడు: తూ, తుమ్, ఆప్. మనవాళ్లకు వచ్చిన హిందీ హైదరాబాద్ హిందీ, సినిమా హిందీ. అందులో ‘తుమ్’ ధారాళం, కోపమొస్తే ‘తూ’. బిహార్‌లో కాస్త వయసున్న మనిషిని ఊరంతా ‘ఆప్’ అనే పిలుస్తుంది. పాతికేళ్ల సూపర్‌వైజర్ యాభై ఏళ్ల మనిషిని ‘ఏ, తూ ఇధర్ ఆ’ అంటే ఆయనకు ఎలా ఉంటుంది? మన ఊళ్లో అటువంటి పెద్దాయనను ‘ఒరేయ్, ఇట్రారా’ అని పిలిచినట్టు ఉంటుంది. సూపర్‌వైజర్‌కు అవమానించే ఉద్దేశమే లేకపోవచ్చు. ఆయన మాత్రం ఆ రాత్రి నిద్రపోడు. నెల తిరక్కుండా, తమను పనికి తెచ్చిన సర్దార్‌తో చెప్పి ఇంకో ఊరు వెళ్లిపోతాడు. ‘వీళ్లు నిలకడగా ఉండరండీ’ అని మనం చెప్పుకుంటాం.

నేను ఒక్కటే అడుగుతాను. బట్టీ యజమాని, మేస్త్రీ, గుమాస్తా తలా ఇరవై మాటలు నేర్చుకోలేరా? నీళ్లు, ఆగు, వేడి, కళ్లు, జ్వరం, ఇల్లు, ఎలా ఉన్నావు, కూలి, ఇవాళ, రేపు. ఒడియాలో ఇవాళ ‘ఆజి’, రేపు ‘కాలి’. పెద్దవాళ్లను ‘ఆపణ’ అంటారు. నోట్‌బుక్కులో ఒక పేజీ పట్టదు. వచ్చినవాళ్లు ఆరు నెలల్లో ‘అన్నా, నీళ్లు’, ‘బస్తా’, ‘తొందరగా’, ‘లెక్క చూడన్నా’ దాకా నేర్చేసుకుంటున్నారు. కూలికి వచ్చినవాడు నేర్చుకోగలిగింది కూలి ఇచ్చేవాడు నేర్చుకోలేడంటే నేను నమ్మను.

తలూపితే అర్థమైనట్టు కాదు

డచ్చి పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్ 1967 - 1973 మధ్య ఐబీఎం కంపెనీకి పలు దేశాల్లో ఉన్న ఉద్యోగుల నుంచి లక్షకు పైగా ప్రశ్నపత్రాలు నింపించాడు. కంపెనీ ఒకటే, చేసే పనీ దాదాపు ఒకటే. అయినా దేశాన్ని బట్టి జవాబులు మారాయి. వాటిలో ఆయన ముందుగా పట్టుకున్న తేడాల్లో ఒకటి అధికార దూరం. అంటే పైవాడితో కిందివాడు ఎంత చనువుగా ‘కాదు’ అనగలడన్నది. ఈ కొలతలో మన దేశం పై వరసలోనే ఉంది. ఆయన పద్ధతిని తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు, ఒక దేశమంతటికీ ఒకే అంకె ఏమిటని. ఆ అభ్యంతరం న్యాయమైనదే. కానీ బట్టీ దగ్గర చూస్తే ఆ దూరం కళ్లకు కడుతుంది.

మేస్త్రీ చెబుతాడు. కుర్రాడు తలూపుతాడు. ‘‘సమఝ్ గయా?’’ ‘‘హా జీ.’’ ఆ ‘హా జీ’కి అర్థం ‘నాకు అర్థమైంది’ అని కాదు. ‘మీరు చెప్పింది మర్యాదగా విన్నాను’ అని. ‘అర్థం కాలేదు’ అంటే తిడతారన్న భయం, పని పోతుందన్న దిగులు, పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదన్న పెంపకం, మూడూ ఆ తలూపులో ఉన్నాయి. మన పల్లెటూరి పిల్లాడు మాస్టారి ముందు ఊపినట్టే.

కాల్చిన సున్నం విషయంలో ఈ తలూపు ప్రాణాంతకం. దానిమీద నీళ్లు పడితే సలసల కాగుతుంది. చెమట పట్టిన చర్మానికి అంటుకుంటే కాలుస్తుంది. కంట్లో పడితే చూపు పోయేదాకా వస్తుంది. పడిన వెంటనే నలపకూడదు. రెప్పలు విప్పి పట్టుకుని ధారగా నీళ్లతో కనీసం 15 - 20 నిమిషాలు ఆగకుండా కడగాలి, తర్వాత ఆస్పత్రికి పరుగెత్తాలి. నూనె, పంచదార నీళ్లంటూ ఇంటి వైద్యంతో పొద్దుపుచ్చకూడదు. ఈ నాలుగు వాక్యాలు ప్రతి బట్టీ గోడ మీదా ఉండాలి. ఉన్నచోట తెలుగులో ఉంటాయి, లేకపోతే ఇంగ్లిష్‌లో. ఒడియా లిపి మన లిపిలాగే గుండ్రం. తాటాకు మీద గీత గీస్తే ఆకు చిరుగుతుందని రెండు జాతులూ గుండ్రంగానే రాసుకున్నాయి. దూరం నుంచి చూస్తే మన రాతలాగే ఉంటుంది, దగ్గరకొస్తే ఒక్క అక్షరం అందదు. వాళ్లకు మన బోర్డూ అంతే. బొమ్మ గీస్తే ఎవరికైనా అందుతుంది: కన్ను, నీళ్ల ధార, గడియారం.

అర్థమైందా లేదా తెలుసుకోవడానికి మంచి మేస్త్రీలు ఒక పద్ధతి పాటిస్తారు. ‘అర్థమైందా?’ అని అడగరు. ‘నేను చెప్పింది నువ్వు చేసి చూపించు’ అంటారు. చెయ్యి చూపించేదాన్ని తల దాచలేదు.

ఇది ఎంత అవసరమో చెప్పడానికి దూరం వెళ్లక్కర్లేదు. 2025 ఆగస్టు 3న పొరుగున బాపట్ల జిల్లా బల్లికురవ దగ్గర గ్రానైట్ క్వారీలో బండలు విరిగిపడి చనిపోయిన ఆరుగురూ ఒడిశా నుంచి వచ్చినవాళ్లే. అంతకు నెల ముందు, జూన్ 30న తెలంగాణలోని పాశమైలారం మందుల ఫ్యాక్టరీ పేలుడులో 50 మందికి పైగా పోయారు. వాళ్లలో చాలామంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ లాంటి రాష్ట్రాలవాళ్లు. కాలిపోయిన దేహాలు ఎవరివో తేల్చడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. ఈ ప్రమాదాలకు భాషే కారణమని నేననడం లేదు. కానీ ఎవరు ఏ ఊరివారు, ఇంట్లో ఎవరికి ఫోన్ చేయాలి అన్నది ప్రతి పనిచోటా చేతిరాతతోనైనా రాసి ఉండాలి. ‘బీహారోళ్లు పదిమంది’ అన్నది పేర్ల పట్టీ కాదు.

చద్దన్నానికి ఇంకో పేరు

బట్టీ వెనక రేకుల గదుల దగ్గర పొద్దుగూకే వేళ వేరే ప్రపంచం. ఆవనూనె కాగుతున్న వాసన. మనవాళ్లలో చాలామందికి అది పడదు, ముక్కు మూసుకుని పోతారు. మన గోంగూర పచ్చడిలో గుంటూరు కారం తగిలి వాళ్ల కళ్లలో నీళ్లు తిరిగిన రోజు మనమూ నవ్వాం. వాళ్లు తినేది ఉప్పుడు బియ్యం. మన మిల్లుల్లో ఆడించి బయటి ఊళ్లకు పంపుతాం గానీ మన కంచంలో పెట్టుకోం. మూడు పూటలా మన సన్నబియ్యం అన్నం పెట్టి ‘ఏం తక్కువ చేశాం’ అని అడిగే యజమానులున్నారు. తక్కువేమీ చేయలేదు. కాకపోతే కష్టం చేసేవాడికి ఉప్పుడన్నం పొట్టలో నిలుస్తుంది, మన అన్నం రెండు గంటలకే జారిపోయినట్టుంటుంది. అడిగితే చెబుతారు. అడగాలి.

ఎండాకాలం పొద్దున ఒడియా కుర్రాళ్ల గిన్నెలోకి తొంగిచూస్తే మీకే తెలుస్తుంది. రాత్రి అన్నంలో నీళ్లు పోసి పులియబెట్టి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుంటున్నారు. వాళ్లు దాన్ని పఖాళ అంటారు. ఒడిశాలో ఏటా మార్చి 20న పఖాళ దినోత్సవమే జరుపుకుంటారు. బెంగాలీలు పాంతా భాత్ అంటారు. మన అమ్మమ్మ చద్దన్నం అంది. ఒకే కుండ, మూడు పేర్లు. మనం టిఫిన్లకు మారి వదిలేసినదాన్ని వాళ్లు గర్వంగా పట్టుకున్నారు.

పండగలు తెలిస్తే పని లెక్క కూడా కుదురుతుంది. దీపావళి వెళ్లిన ఆరో రోజు ఛఠ్. బిహారీలకు అది మన సంక్రాంతి. మునిగే సూర్యుడికి అర్ఘ్యం ఇచ్చి, మర్నాడు ఉదయించే సూర్యుడికి మళ్లీ ఇచ్చేదాకా తల్లి పచ్చి మంచినీళ్లు ముట్టదు. ఆ తల్లి పక్కన లేకపోతే కొడుకుకు ఏడాదంతా వెలితి. పడమటి ఒడిశావాళ్లకు వినాయక చవితి మర్నాడు నువాఖాయ్, కొత్త వరి తినే పండగ. ఈ రెండు తేదీలూ కేలెండర్‌లో ముందే చుట్టి, ఆ వారం లోడు తగ్గించుకున్న యజమానికి కూలీలు తిరిగొస్తారు. సెలవు లేదన్న యజమాని దగ్గర నుంచి చెప్పకుండా వెళ్తారు, తిరిగి రారు. సంక్రాంతికి హైదరాబాద్‌లో దుకాణాలు మూసి మనవాళ్లు ఊరికి వచ్చినప్పుడు ఎవరూ తప్పుపట్టరు కదా.

మన ఇంట్లోనే రెండు వైపులా

పిడుగురాళ్లలో, నరసరావుపేటలో, మాచర్లలో ఎన్నో ఇళ్ల పిల్లలు అమెరికాలో ఉన్నారు. విమానం ఎక్కే ముందు కంపెనీ వాళ్లకు శిక్షణ ఇస్తుంది: కళ్లలోకి చూసి మాట్లాడాలి, రానిదాన్ని వస్తుందనకూడదు, మేనేజర్‌ను పేరు పెట్టి పిలవొచ్చు. అక్కడ ఎవరైనా పేరు సరిగ్గా పలక్కపోతే, డబ్బా తెరిస్తే వాసన అంటే, ఆ బాధ కొడుకు ఫోన్‌లో అమ్మకు చెప్పుకుంటాడు. అమ్మ కళ్లు తుడుచుకుంటుంది. అదే ఇంటి బట్టీలో, అదే మిల్లులో, ఇంకో అమ్మ కొడుకు అదే బాధ తన ఊరికి ఫోన్ చేసి చెప్పుకుంటున్నాడు. మన కొడుక్కి అక్కడ దక్కాలని కోరుకునే మర్యాద ఇక్కడ ఈ కుర్రాడికి ఇవ్వడానికి ఏ శిక్షణా అక్కర్లేదు.

2020 లాక్‌డౌన్ ఈ బంధం ఎంత పలచనిదో చూపించింది. పని ఆగగానే మనుషులు నడక మొదలుపెట్టారు. ఆ ఏడాది మే 1న దేశంలో మొదటి శ్రామిక్ ప్రత్యేక రైలు బయల్దేరింది మన తెలుగు నేల మీద నుంచే, లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు. సుమారు 1,200 మంది ఎక్కారు. తర్వాత పనులు మొదలైనప్పుడు ‘రండి బాబూ’ అని ఫోన్లు చేయాల్సి వచ్చింది. పేరు పెట్టి ఫోన్ చేయగలిగినవాళ్ల దగ్గరకే ముందు వచ్చారు.

చట్టం ఏమీ లేక కాదు. 1979లోనే అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది: బస, వైద్యం, రానూపోనూ ఖర్చు అన్నీ అందులో రాసి ఉన్నాయి. దాని స్థానంలో తెచ్చిన 2020 నాటి వృత్తి భద్రత కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. సర్దార్ ద్వారా కాకుండా సొంతంగా వచ్చినవాడినీ అది వలస కార్మికుడిగా గుర్తిస్తుంది. ఏ రాష్ట్రపు కార్డుతోనైనా రేషన్ తీసుకునే పద్ధతిని 2019 ఆగస్టులో మొదట పరీక్షించిన జంటల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒకటి. బలాంగీర్ కార్డుతో ఇక్కడి బియ్యం తెచ్చుకోవచ్చని ఆ కుర్రాళ్లకు ఎవరు చెప్పాలి? గుమాస్తా చెబితే ఐదు నిమిషాల పని.

ఇదంతా పల్నాటికి కొత్తగా ఎవరో నేర్పాల్సిన పాఠం కాదు. 12వ శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనీ ఒకే బంతిలో కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడని, మాల కన్నమదాసును కొడుకుగా చేరదీసి సేనాపతిని చేశాడని వీరవిద్యావంతులు ఇప్పటికీ పాడుతున్నారు. ఆ రెండో మాట తరచూ మరిచిపోతాం. పక్కన కూర్చోబెట్టి అన్నం పెట్టడంతో ఆయన ఆగలేదు, పెత్తనం చేతికిచ్చాడు. పదేళ్లుగా బట్టీలో పనిచేస్తున్న ఒడియా మనిషి ఇంకా పార పట్టుకునే ఉన్నాడంటే, మేస్త్రీ కాలేదంటే, మనం చాప పరిచాం గానీ కూడు సగమే వడ్డించాం. వాళ్ల భాష వచ్చిన మేస్త్రీ ఒకడుంటే ఈ కథ మొదట్లో చెప్పిన తగువు వచ్చేదే కాదు.

దీపావళికి ఊరెళ్లినవాళ్లు ఛఠ్ చేసుకుని తిరిగొచ్చిన కొన్నాళ్లకు కార్తీక అమావాస్య వస్తుంది. కారంపూడిలో ఆ పల్నాటి వీరుల తిరునాళ్లు మొదలవుతాయి. బట్టీల యజమానులారా, ఈసారి వాహనంలో రెండు సీట్లు ఎక్కువ ఉంచండి. మీ దగ్గర పనిచేసేవాళ్లను పేరు పెట్టి పిలిచి వెంట తీసుకెళ్లండి. చాపకూడు బంతిలో మీ పక్కనే కూర్చోబెట్టుకోండి.